మన గుడి రాళ్లలోని వింత మృగములు : మ్యూజియమునకు పోయి వచ్చిన పిల్లల కథ



కుంభాభిషేక శుభసమయమున ఈ సంచిక మీ చేతులలో నుండును. స్వామివారి మహిమను, ఆలయ చరిత్రను, జీర్ణోద్ధరణ క్రమమును గూర్చి పెద్దలు, పండితులు వ్రాసియే యున్నారు. నేను వ్రాయబూనినది వారెవ్వరును తాకని చిన్న విషయము. మనము ప్రదక్షిణము చేయుచు నిత్యము చూచుచున్నను చూడని కొన్ని మృగములు మన గుడి గోడల మీద, స్తంభముల మీద, గర్భాలయ ద్వారము పైన కలవు. అవి అడవిలో లేవు, జంతుప్రదర్శనశాలలో లేవు. వాటి పేర్లు నాకు నలుబది ఏండ్లు వచ్చువరకు తెలియవు. పాఠశాలలో సాంఘికశాస్త్రము బోధించిన వాడనై యుండియు తెలియకపోవుట సిగ్గుపడవలసిన మాటయే. నాకు వాటిని నేర్పినది పుస్తకము కాదు, మా పాఠశాల పిల్లలు.

మొదట ఆ మృగములెవ్వియో చెప్పవలెను.

మీ యింట పూజాగదిలో గాని, ఉత్సవవిగ్రహముల వెనుక గాని ఇత్తడి మకరతోరణమును చూచియే యుందురు. దాని రెండు కొనలందు నోరు తెరచిన జంతువు లుండును. అవియే మకరములు. మకరమనగా మొసలి యని మనలో పలువురి తలంపు. రాశిచక్రములోని మకరము కూడ మొసలియే యని పిల్లలు వాదించిరి. కాని శిల్పి చెక్కిన మకరమును నిదానించి చూడుడు. ముందు ఏనుగు తొండము, దాని క్రింద మొసలి దవడలు, దంతముల వరుస, శరీరము చేప, తోక మాత్రము లతలుగా విరియుచు నెమలి పురి వలె చుట్టుకొని పోవును. నీటిలోని ప్రాణులన్నింటి బలమును ఒక్క దేహమున కుదిర్చినట్లుండును. గంగాదేవికి, వరుణునకు అది వాహనము. మన్మథునకు ధ్వజము, కావుననే ఆయన మకరధ్వజుడు. శ్రీమహావిష్ణువు చెవులకు మకరకుండలములు. ఇంత గౌరవము గల జంతువును మనము మొసలి యని తీసివేయుట న్యాయమా?

తోరణము నడినెత్తిన, సరిగా స్వామి శిరస్సునకు పైన, గ్రుడ్లు మిటకరించి చూచు ముఖ మొకటి కలదు. దానికి క్రింది దవడ ఉండదు, దేహ ముండదు. నోటి నుండి ముత్యాల సరములు వ్రేలాడుచుండును. అది కీర్తిముఖము. దీని కథ స్కాందపురాణమున కలదు. జలంధరుడను రాక్షసుడు పార్వతీదేవిని తన కిమ్మని రాహువును దూతగా శివుని కడకు పంపెను. శివుని కనుబొమల నడుమ నుండి సింహముఖముతో భయంకరమైన భూత మొకటి పుట్టి రాహువును మ్రింగబోయెను. రాహువు శరణనగా దూతను చంపరాదని స్వామి దానిని వారించెను. అప్పుడా భూతము ఆకలికి నేనేమి తినుదునని అడిగెను. నిన్ను నీవే తినుమని స్వామి పలికెను. అది కాళ్లు చేతులతో మొదలుపెట్టి తన దేహమునంతయు తిని ముఖము మాత్రము మిగిలెను. ఆ విధేయతకు మెచ్చి శివుడు దానికి కీర్తిముఖమని పేరిడి, తన ద్వారమున నిలువుమనియు, దానిని పూజింపని వారికి తన అనుగ్రహము కలుగదనియు వరమిచ్చెను. ఇది శివాలయమున పుట్టిన కథ యైనను, వైష్ణవాలయములందును, జైన బసదులందును ఆ ముఖము కనబడును. సముద్రము దాటి జావా ద్వీపములోని బోరోబుదూరు మహాస్తూపమునకు పోయినను, ప్రతి ద్వారము నెత్తిన ఈ ముఖమే, ఇరువైపుల మన మకరములే!

మూడవది వ్యాళము. తమిళ దేశమున యాళి యందురు. సింహపు దేహము, వెనుక కాళ్లపై లేచిన భంగిమ, తల మాత్రము కొన్నిట సింహము, కొన్నిట ఏనుగు, కొన్నిట గుఱ్ఱము. భోజుని పేర వెలసిన సమరాంగణ సూత్రధారమున పదునారు విధముల వ్యాళములు చెప్పబడినవి. అందు చిలుక, కోడి, మేక, కోతి, గాడిద తలలవి కూడ కలవనిన పిల్లలకు కలిగిన సంతోష మింతింత కాదు. మధుసూదన ఢాకీ మహాశయుడు మధ్యయుగ దేవాలయముల వ్యాళములపై 1965లోనే ఒక గ్రంథము వ్రాసెను. చాళుక్యుల కాలమునకే ఈ మృగము మన గుళ్లలో నెలకొన్నది. కాకతీయుల శిల్పులు దానిని గజవ్యాళముగ మలచిరి. విజయనగర కాలమునకు వచ్చుసరికి అది మనిషిని మించిన ఎత్తున స్తంభము ముందు దూకుచు నిలిచినది. హంపీలోని విఠ్ఠలాలయ మండపములు, వేలూరు జలకంఠేశ్వరుని కల్యాణమండపము చూచినవారికి నేను చెప్పవలసిన పని లేదు.

మన ప్రాంతము వారికి పాలంపేట రామప్ప గుడి కొట్టినపిండి. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి 1213 నాటి శాసనము కలది. 2021లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ జాబితా కెక్కినది. అచ్చటికి పోయిన వారందరును తూర్పు, ఉత్తర, దక్షిణ ద్వారముల కడ నిలిచిన మదనికలనే మెడలు నొప్పిపుట్టువరకు చూచెదరు. మిగిలిన వెలుపలి స్తంభములపై, చూరు క్రింద, అదే నల్లరాతిలో చెక్కిన గజవ్యాళముల వంక చూచువారు తక్కువ. నేనును అట్లే మదనికలను చూచి, ఫొటోలు తీయించుకొని, పులిహోర తిని వచ్చిన వాడను. రెండుసార్లు!

కొన్ని ఏండ్ల క్రిందట మా ఉన్నత పాఠశాల ఆరవ, ఏడవ తరగతుల పిల్లలను హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు మ్యూజియమునకు తీసికొనిపోతిమి. ఇది నిజాము కాలమున 1930 ప్రాంతమున వెలసిన మ్యూజియము. లోపలికి అడుగిడగనే పిల్లలందరును ఈజిప్టు మమ్మీ ఎక్కడ సారు, మమ్మీ ఎక్కడ సారు అనుచు అటే పరుగెత్తిరి. వేల ఏండ్ల నాటి ఆ రాచకన్నియ ముందు కాకతీయ శిల్పము నిలువగలదా? వారి ఆత్రము తీరువరకు ఆగితిమి. అదియు ఒక చదువే.

పిదప రాతి శిల్పముల నడుమకు వచ్చితిమి. మాతో వచ్చిన చిత్రలేఖన ఉపాధ్యాయుడు గడుసువాడు. మామూలుగ మేము పిల్లలను వరుసగా నిలిపి ఫలకములపై వ్రాసినది నోటుపుస్తకములలో ఎక్కించుకొనుమందుము. ఆయన ఆ పని వలదనెను. ఒక్కొక్కరికి ఒక తెల్ల కాగితము, పెన్సిలు ఇచ్చి, మీకు నచ్చిన ఒక్క మృగమును ఎన్నుకొని బొమ్మ వేయుడు, ఏ అవయవము ఏ జంతువుదో బాణపు గుర్తుతో వ్రాయుడు, తెలియని చోట ప్రశ్నార్థకము పెట్టుడు, పేరు మాత్రము నన్నడుగవలదు అనెను. గంటసేపు పిల్లలు నేలపై చతికిలబడిరి. నా ఉద్యోగకాలమున అంతటి నిశ్శబ్దమును పరీక్షా మందిరములందు కూడ ఎరుగను.

అప్పుడు నాకు తెలిసిన దొకటి కలదు. గుడిలో ఈ బొమ్మలు మన తలలకు ఎంతో ఎత్తున ఉండును, చీకటిలో ఉండును, జిడ్డు, పొగ, సున్నము పట్టి యుండును. పైగా అచ్చట మన మనస్సు స్వామిపై నుండును, ఉండవలెను కూడ. మ్యూజియములో అదే రాయి కంటి ఎదుట, వెలుగులో నిలుచును. చుట్టును తిరిగి వీపు కూడ చూడవచ్చును. క్రింద కాలము, దొరికిన ఊరు వ్రాసి యుండును. కాని అచ్చట మరియొక లోటు కలదు. ద్వారము లేని కీర్తిముఖము ఎవరిని కాపాడును? నీరు పారని మకరము దేనికి? ఒక బాలుడు ఆ మాటనే మరియొక విధముగ అడిగెను: “సారూ, వీటికి గుడి లేదా?” నేను జవాబు చెప్పలేక నాణెముల వైపు నడిపించితిని.

నాణెముల ముచ్చట వచ్చినది గనుక ఒక మాట. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల బంగారు నాణెములపై గండభేరుండ పక్షి కలదు. ఒక దేహము, రెండు తలలు, ముక్కులతోను గోళ్లతోను ఏనుగులను పట్టుకొని ఎగురుచుండును. గోరంత నాణెముపై నాలుగు ఏనుగు లెట్లు పట్టినవో చూడవలసినదే. ఆ పక్షియే మైసూరు ఒడెయరుల చిహ్నమై, నేడు కర్ణాటక ప్రభుత్వ ముద్రలో నిలిచినది. శరభము, గండభేరుండము ఒకదానిని మించిన దొకటిగా శైవ వైష్ణవ కథలందు పోరాడినవి. ఆ తగవు పెద్దలకు విడుతము. పిల్లలు మాత్రము రెండింటిని ఒకే కాగితముపై వేసి ఇంటికి తెచ్చుకొనిరి.

తిరుగు ప్రయాణమున, బస్సు ఊరు చేరబోవుచుండగా, ఆరవ తరగతి బాలిక ఒకతె తన కాగితమును పట్టుకొని నా కడకు వచ్చెను. మకరమును వేసినది. తొండము, దంతములు చక్కగ కుదిరినవి. “సారూ, గీ మూతి మా బాయికాడ బట్టలుతికే బండకున్నది” అనెను. నేను నవ్వి, కూర్చొనుమంటిని. ఆమె కదలలేదు. “నిజం సారూ. పూడిక తీసిన్నాడు బండను తిరగేసిండ్రు. కిందికెల్లి పండ్లున్నయి” అనెను.

భక్తులారా, మన గుడి ఉత్తరపు గోడ చెంత నీరు పారు రాతి దోనె మీ కందరకు తెలిసినదే. గర్భాలయమున అభిషేకించిన జలము వెలుపలికి వచ్చు ప్రణాళమది. శివాలయమగుటచే ఆ సోమసూత్రమును దాటక వెనుదిరిగి ప్రదక్షిణము చేయుట మన ఆచారము. ఆ దోనె కొన విరిగి ఎన్నేండ్లయినదో ఎవ్వరును ఎరుగరు. మొండి రాయి నుండి నీరు గోడపైకి చిమ్మి, అధిష్ఠానము పాచిపట్టి, రాతి అతుకులలోనికి తేమ దిగుచుండెను. మన తాతల కాలము నుండి అది మొండి దోనెయే.

మరునాడు సాయంకాలము నేను, చిత్రలేఖన ఉపాధ్యాయుడు, ఇద్దరు పాలేరులు గడ్డపారలతో బావి కడకు పోతిమి. బండపై బట్టలు పిండుచున్న అవ్వ మమ్ములను చూచి, “ఏంది సారూ, నా బండ మీద పడ్డరు?” అని కోపించినది. బ్రతిమాలి లేపించితిమి. క్రింది వైపు మట్టిని కడుగగా చుట్టుకొన్న తొండము, దాని క్రింద దంతములు, ఒక కన్ను కనబడినవి. రెండవ కన్ను అరిగి పోయినది. ఆ అవ్వ చేతులు జోడించి, తాను ఇన్నేండ్లు దేనిపై నిలిచితినో యని కంట తడి పెట్టినది. తప్పు నీది కాదమ్మా, మాదని చెప్పితిని.

ఆ మాట ఊరక అన్నది కాదు. నేను యువకుడనై యున్న కాలమున, ఒక శివరాత్రికి ముందు, యువజన సంఘము పక్షమున మన గర్భాలయ ద్వారముపై నున్న కీర్తిముఖమునకు వెండి రంగు ఎనామిలు వేసినవారిలో నేనొకడను. కన్నులకు ఎఱుపు, నాలుకకు గులాబి. అందముగ నున్నదని అందరును మెచ్చిరి. దానిపై మరి నాలుగుసార్లు రంగులు పడినవి. ముత్యాల సరములు పూడి ఒక ముద్ద యైనవి. రాయి ఊపిరి పీల్చుటకు సందు లేక పొరలు లేచినవి. ఈ జీర్ణోద్ధరణమున ఆ రంగును తీయుటకు మొదట ఇసుకను యంత్రముతో చిమ్మించు ఆలోచన జరిగినది. అట్లు చేసిన ఒక్క పూటలో పని తీరును. కాని ఇసుక రంగుతోపాటు ఉలిగీతను కూడ తినివేయును. స్థపతిగారు అంగీకరింపలేదు. పనివారు మెత్తని కుంచెలతోను, వెదురు పుల్లలతోను దినమునకు జానెడు చొప్పున తీసిరి. నేను వేసిన వెండి పొర అన్నిటికంటె అడుగున వచ్చినది. దానిని కూడ తీసివేయుచుండగా నేను ప్రక్కనే నిలిచి చూచితిని.

మకరపు మూతి దొరకిన నాడే కథ సుఖాంతమైనదని తలపకుడు. అప్పటికే అంచనాలలో పాత దోనెను తీసివేసి కొత్త గోముఖము నిలుపుటకు నిర్ణయమైనది. దానికి ధనమిచ్చిన దాత మన ఊరివాడే. దూరదేశమున నుండి తన తండ్రిగారి పేర పంపినాడు. కొత్త రాయి వచ్చి ప్రాంగణమున దిగినది కూడ. విరిగినది దేవునికి పనికిరాదని కొందరు వాదించిరి. వారి మాటలో శాస్త్రము లేకపోలేదు. స్థపతిగారును, అర్చకస్వాములును కూడి విచారించి, భిన్నమైన మూర్తి పూజకు పనికిరాదను నియమము వేరు, కట్టడములోని అంగమును సరిచేసికొనుట వేరు అని తేల్చిరి. మిగిలినది దాతకు చెప్పుట. ఆ పని నా నెత్తిన పడినది. ఫోనులో విషయమంతయు విని ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, చిన్నతనమున తాను ఆ బండపై కూర్చుండి స్నానము చేసితినని చెప్పెను. కొత్త గోముఖము నేడు నందిమండపము వెనుక కోనేటికి నీరు దించు చోట అమర్చబడినది. తండ్రిగారి పేరు దానిపైననే కలదు.

మూతిని దోనెకు తుప్పు పట్టని ఉక్కు కడ్డీలతో కూర్చిరి. అతుకు గీత కనబడుచునే యున్నది. దానిని కప్పవలదని స్థపతిగారే చెప్పిరి. అరిగిన కన్నును కొత్తగ చెక్కించుదమని ఎవరో అనగా దానికి కూడ ఆయన ఒప్పుకొనలేదు.

పాత రాళ్లను గౌరవించి తిరిగి నిలుపుట మన గడ్డకు కొత్త కాదు. శ్రీశైలము జలాశయమున మునిగిపోవలసిన కూడలి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమున తిరిగి కట్టిరి. హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును విప్పి, రాళ్లకు అంకెలు వేసి, ఏండ్ల తరబడి శ్రమించి నిలిపి 2024లో భక్తులకు తెరచిరి. అంకె వేయుటయే ఇందు ముఖ్యమైన పని. మన గుడిలోను ఈసారి విప్పిన ప్రతి రాతికి సున్నముతో అంకె వేసి, ఫొటో తీసి, ఒక పుస్తకమున ఎక్కించితిమి. ఆ పుస్తకమున బొమ్మలు గీసినవారు ఆ పిల్లలే. వారిలో కొందరిప్పుడు కళాశాలలో నున్నారు.

అన్నియు దక్కినవని చెప్పిన అబద్ధమగును. ముఖమండపపు మెట్లకు ఇరువైపుల రెండు వ్యాళము లుండవలెను. ఎడమది కలదు. కుడి వైపున పీఠము మాత్రమే మిగిలినది. ఇదివరకటి మరమ్మతులలో ప్రహరీ గోడ పునాదికి పాత రాళ్లు వాడిరని పెద్దలు చెప్పుదురు. పిల్లలు ఆ గోడ వెంట నెలల తరబడి వెదకిరి. దొరకలేదు. కొత్త దానిని చెక్కించి జోడు కుదుర్చుదమని ఒక దాత ముందుకు వచ్చిరి. కమిటీవారు ఇంకను తేల్చలేదు. ఆ చోటు ఖాళీగ నుండుటయే మేలని నా మనవి. ప్రహరీని ఎన్నడైన విప్పుదురేమో!

కుంభాభిషేకము నాడు మీరు వచ్చినప్పుడు తొందరపడక ప్రదక్షిణము చేయుడు. మెట్ల కడ ఎడమ వైపు వ్యాళమును చూడుడు. తొండము క్రింద సింహపు గోళ్లు దాగి యున్నవి. గర్భాలయ ద్వారము దాటునపుడు ఒక్కసారి తలయెత్తి కీర్తిముఖమునకు నమస్కరింపుడు. కుడి కణతపై గోరంత వెండి రంగు ఇంకను మిగిలి యున్నది. పిదప ఉత్తరపు గోడ కడకు రండు. సహస్రకలశాభిషేక జలము ఆ దినమున మకరముఖము నుండియే దిగును. అచ్చట పాఠశాల పిల్లలు నిలిచి యుందురు. తీర్థము వారే పోయుదురు. ఏ అవయవము ఏ జంతువుదో వారిని అడుగుడు. పేరు మాత్రము ముందుగ చెప్పరు, మిమ్ములనే కనుగొనుమందురు.